కొసలు కలవని దుప్పటి

ముందుగా చదివేవాళ్ళు నన్ను క్షమించాలి. నా రాతలో ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి. ఒక పేజీ నింపేసరికి పొద్దు తిరిగిపోతుంది, పక్కన పెట్టుకున్న టీ చల్లారి మీగడ కడుతుంది. మా పెద్దవాళ్ళ బళ్ళో చదువుకున్న పాతవాళ్ళందరూ తలా ఒక కథ రాయాలని, కళ్ళారా చూసిన ధైర్యం గురించి రాయాలని పంతులమ్మ కబురు పెడితే, నా వల్ల కాదని తప్పించుకోబోయాను. ఆవిడ వదిలే రకం కాదు. "తప్పులు నేను దిద్దుతాను, మీరు రాయండి చాలు" అంది.

మిగతావాళ్ళు వరదకి ఎదురీదిన వాళ్ళ గురించి, మంటల్లోకి దూకిన వాళ్ళ గురించి రాస్తారు. రాయాల్సిందే. నేను చూసిన ధైర్యం మాత్రం అలా పదిమంది ముందు జరిగింది కాదు. మా వదిన నిద్రలో చూపించింది. నేను పక్కన కుర్చీలో కూర్చుని చూశాను.

వదినంటే మా ఆయన అక్క. మా ఆయన పోయి నేను గోడకి ఆనుకుని కూర్చున్న రోజుల్లో వచ్చి, "ఏడుపు ఎక్కడికీ పోదు మరదలా, పని నుంచి వచ్చాక ఏడుద్దువుగాని, లే" అని చెయ్యి పట్టుకుని తను పనిచేసే లాండ్రీకి తీసుకెళ్ళింది. పెద్ద ఆస్పత్రికి వెనకవైపు, రేకుల కప్పు కింద ఉండేది ఆ లాండ్రీ. వదినా, వాళ్ళమ్మ, అంటే మా అత్తగారూ ఎప్పటినుంచో అక్కడే పని. వదిన పిలుపు విని అక్కడ అందరూ నన్ను మరదలమ్మ అనడం మొదలుపెట్టారు. నా అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

దుప్పట్లు ఎలా మడుస్తామో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఉతికిన దుప్పట్లు ఇస్త్రీ రోలరులోంచి వేడివేడిగా బయటికొస్తాయి. వాటిని మడవడానికి ఇద్దరు కావాలి. ఎదురెదురుగా నిలబడి చెరో రెండు కొసలూ పట్టుకోవాలి. బిగించి లాగి, ఒక్క విదిలింపు విదిలించి, పొడవునా సగానికి మడవాలి. అప్పుడు ఒకరు ఉన్నచోటే నిలబడతారు. రెండోవాళ్ళు తమ కొసలు ఎత్తి పట్టుకుని ఎదురు నడిచి వచ్చి నిలబడ్డ మనిషి చేతికి అందిస్తారు. కొస మీద కొస పడాలి. మేం వాళ్ళని నిలిచే మనిషి, నడిచే మనిషి అనేవాళ్ళం. ఒకసారి నిలిచే మనిషివైతే ఇక ఎప్పటికీ నిలిచే మనిషివే. మార్చుకుంటే చేతులు తడబడతాయి.

వదిన నిలిచే మనిషి. అత్తగారు నడిచే మనిషి. ఊహ తెలిసినప్పటినుంచీ వాళ్ళిద్దరిదీ అదే జత.

అత్తగారు పొట్టి. ఆస్పత్రి దుప్పట్లు పొడుగు. కొంచెం నేలకి తగిలినా మళ్ళీ ఉతకాలి గనక, ఆవిడ చేతులు తలకన్నా పైకి ఎత్తి నడిచేది. ఎదట నుంచి చూస్తే మనిషి కనబడదు. ఓ తెల్ల దుప్పటి తనంతట తానే నడిచొస్తున్నట్టు ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు చూసి నోరు నొక్కుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు రెండో రోజుకి పోయేది, ఎందుకంటే కొసల మధ్య గింజంత ఎడం ఉన్నా ఆవిడ "విప్పు" అనేది. ఇంకో మాట లేదు. విప్పాలి, మళ్ళీ మడవాలి. పోనీలే అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. పనిలోనూ అంతే, ఇంట్లోనూ అంతే.

ఒక వానాకాలం పొద్దున అత్తగారు ఎప్పట్లాగే ఎదురు నడుస్తోంది. సగం దూరంలో దుప్పటి వదులైంది. వదినకి ఎదురుగా దుప్పటే ఉంది గనక దాని వెనక ఏం జరుగుతోందో కనబడలేదు. "ఏంటమ్మా, సరిగ్గా పట్టుకో, నేలకి తగులుతోంది" అని విసుక్కుంది. దుప్పటి పూర్తిగా జారాక చూస్తే అత్తగారు నేల మీద ఉంది. గోడకి అవతలే ఆస్పత్రి. అయినా లాభం లేకపోయింది. గుండె ఆగింది అన్నారు.

ఆ తర్వాత వదిన మడతల బల్ల దగ్గరికి రాలేదు. రోలరు దగ్గర నిలబడి దుప్పట్లు లోపలికి అందించే పని అడిగి తీసుకుంది. అది ఒక్కరు చేసే పని, ఎదుట ఎవరూ ఉండరు. అందరూ సరేనన్నారు. కల మాత్రం సరేననలేదు.

కల ఎప్పుడూ ఒకటే. పొడుగాటి గదిలో వదిన నిలబడి ఉంటుంది. చేతిలో రెండు కొసలు. ఆ చివర నుంచి దుప్పటి నడిచొస్తూ ఉంటుంది. నేల మీద ఈడ్చుకుంటూ, సర్ర్‌మని చప్పుడు చేస్తూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ. దాని వెనక ఎవరున్నారో తెలియదు. దగ్గరికొచ్చే కొద్దీ వదిన కాళ్ళు చేతులు ఆడవు. కొసలు వదిలేసి పరిగెత్తుతుంది. అరుచుకుంటూ లేస్తుంది.

"అత్తయ్యేనేమో వదినా" అన్నాను ఒకసారి.

"మా అమ్మ దుప్పటిని నేలకి తాకనిస్తుందా? అది అమ్మ కాదు, ఇంకేదో." కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, "అమ్మే అయితే ఇంకా భయం" అంది. "ఆఖరి మాట విసుక్కున్నాను గదే."

వదిన నిద్రంటే భయపడటం మొదలుపెట్టింది. మాది తెల్లవారుజాము పని, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాం. రాత్రి కళ్ళు మూయదు గనక, పగటి వెలుతురులో, నేను పక్కనుంటే కాస్త నడుం వాలుస్తానంది. మేమిద్దరం ఉండే గది కింద టైర్ల షాపు. సుత్తి చప్పుడు పైదాకా వినబడుతుంది. ఆ చప్పుడుంటే ధైర్యంగా ఉంటుందని కిటికీ మూయనిచ్చేది కాదు. అయినా కల ఆ సుత్తిని దాటుకుని వచ్చేసేది.

నిద్ర లేని మనిషి రోలరు దగ్గర ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఒక రోజు దుప్పటి అందిస్తూ అందిస్తూ కళ్ళు మూతలు పడ్డాయి. చెయ్యి దుప్పటితో పాటే లోపలికి పోతోంది. సూపర్వైజరు ఎర్ర బొత్తాం నొక్కబట్టి సరిపోయింది. ఆయన ఎప్పుడూ ఈల వేస్తూ తిరుగుతాడు, అందుకే మాకు ఈలాయన. ఆ రోజు ఆయన నోట ఈల లేదు, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"అక్కా, చెయ్యి పోతే నేను తెచ్చివ్వగలనా? రోలరు దగ్గరికి ఇక రావద్దు. మడతల బల్ల దగ్గరికి పో."

"ఇంకేదైనా పని చెప్పు బాబూ. ఊడుస్తాను, మూటలు మోస్తాను."

"ఊడవడానికీ మోయడానికీ మనుషులున్నారు. ఉన్నది మడతలే."

వదిన గుండె రాయి చేసుకుని బల్ల దగ్గర నా ఎదురుగా నిలబడింది. సగానికి మడిచేదాకా బాగానే ఉంది. నేను కొసలు ఎత్తి పట్టుకుని ఒక అడుగు వేశాను. తను ఒక అడుగు వెనక్కి వేసింది. నేను ఇంకో అడుగు, తను ఇంకో అడుగు. అలా గోడకి తగిలేదాకా వెళ్ళి, కొసలు వదిలేసి బయటికి పోయింది. వాకిట్లో నీళ్ళ పంపు దగ్గర కూర్చుని మొహాన నీళ్ళు కొట్టుకుంటోంది.

ఈలాయన చెడ్డవాడు కాదు. "సెలవు పెట్టుకో అక్కా. నిద్రపో. నెల తిరిగేసరికి వచ్చి బల్ల దగ్గర నిలబడితే నీ పని నీకుంటుంది. లేకపోతే నా చేతిలో ఇంకేం లేదు" అన్నాడు. ఆ లాండ్రీ తప్ప వదినకి వేరే లోకం తెలియదు. ఇంట్లో రెండు రోజులు ఖాళీగా కూర్చుంటే ఉన్న బట్టలన్నీ మళ్ళీ మళ్ళీ మడిచి పెట్టింది.

నాకు అప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. సాయంత్రాలు పెద్దవాళ్ళ బడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకుంటున్నాను. పంతులమ్మ మాకు పాత పేపర్లలో ముక్కలు కత్తిరించి ఇచ్చేది, ఇంటి దగ్గర చదువుకోమని. వంటింటి చిట్కాలు, వాన కబుర్లు, అలాంటివి. ఆ వారం నాకిచ్చిన ముక్క కలల గురించి. ఏరి ఇచ్చిందో, చేతికొచ్చింది ఇచ్చిందో నేను అడగలేదు.

మంచం మీద వదిన, కుర్చీలో నేను. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. "క...లలో ఉండ...గానే... ఇది కల అని తె...లుసు...కోవచ్చు."

"తొందరగా చదవ్వే, నిద్రొచ్చేట్టుంది."

"వస్తే మంచిదేగా."

"మాటలకేం తక్కువ లేదు. తర్వాత?"

కల అని తెలిస్తే భయం తగ్గుతుందనీ, పారిపోకుండా నిలబడి చూడొచ్చనీ ఉంది. తెలుసుకోవడానికి ఒక ఉపాయం కూడా ఉంది. ఏదైనా ఒక రాత చూసి, తల తిప్పి మళ్ళీ చూడాలట. కలలో అయితే అక్షరాలు మారిపోతాయట. మెలకువగా ఉన్నప్పుడు మాటిమాటికీ అలా చూసుకుంటే, అలవాటు కొద్దీ కలలోనూ చూస్తారట.

వదిన పెద్దగా నవ్వింది. అత్తగారు పోయాక అలా నవ్వడం అదే మొదలు. "నాకు మెలకువలోనే అక్షరాలన్నీ ఒక్కలా ఉంటాయి. కలలో అవి మారినా మారకపోయినా నాకేం తెలిసి చస్తుంది?"

నేనూ నవ్వేశాను. కాగితం మడిచి పెట్టేశాను. కానీ వదిన పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి అంది, "మరదలా, కలలో కొసలు కలవవే."

"ఏ కొసలు?"

"దుప్పటివి. ఏ కలలోనైనా సరే. నేను మడుస్తూనే ఉంటాను, ఒకటి పొట్టిగా ఉంటుంది, ఒకటి పొడుగ్గా ఉంటుంది. ఎంత లాగినా కలవవు."

"అయితే నీకు కలలో కూడా పనేనన్నమాట."

"జీతం లేని పని" అని లేచి కూర్చుంది. కళ్ళలో ఏదో వెలుగు. "మెలకువలో నేను మడిస్తే కొసలు కలవకపోవడం అంటూ ఉండదు. కలవలేదంటే అది కలే. అవునా కాదా?"

ఆ కాగితం రాసినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. నాకూ తట్టలేదు. తను పడుకుని, పైకప్పు చూస్తూ, తన చేతుల్ని తనే అడిగి తెలుసుకుంది.

ఆ రోజునుంచి వదిన చేతిలో రుమాలు ఉండేది. గుర్తొచ్చినప్పుడల్లా మడిచి కొస మీద కొస పెట్టి చూసుకునేది. కలిశాయా, మెలకువే. టీ తాగుతూ, కూరలు కొంటూ, పక్కింటావిడతో మాట్లాడుతూ కూడా అంతే. బస్సులో అయితే కండక్టరు ఆగి చూశాడు.

"ఏంటమ్మా, ఇందాకటి నుంచీ ఆ రుమాలుతో కుస్తీ?"

"కలలో ఉన్నానో మెలకువలో ఉన్నానో చూసుకుంటున్నా నాయనా."

"టికెట్ తీసుకో, మెలకువ దానంతటదే వస్తుంది."

బస్సంతా గొల్లుమంది. వదిన కూడా నవ్వింది, నవ్వుతూనే ఇంకోసారి కొసలు చూసుకుంది. జనం నవ్వుతారని చేసే పని ఆపే మనిషి కాదు తను.

మొదటిసారి ఫలించినప్పుడు ఏం జరిగిందో చెబితే లాండ్రీలో నెలల తరబడి చెప్పుకున్నారు. మధ్యాహ్నం నిద్రలోంచి వదిన కోపంగా లేచింది. భయంగా కాదు, కోపంగా.

"తెలిసిందే! కొసలు కలవలేదు, కల అని తెలిసింది!"

"మరి? ఎవరు దుప్పటి వెనక?"

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. కొసలు కలవకపోయేసరికి, ముందు వాటిని సరిచేద్దామని కూర్చుందట. ఇటు లాగి, అటు లాగి, "ఈ దుప్పటి కుట్టినవాడెవడు, ఇలా అడ్డదిడ్డంగా కోస్తారా" అని తిట్టుకుంటూ. ఎదట దుప్పటి నడిచొస్తున్న సంగతే మర్చిపోయిందట. తిడుతూ తిడుతూనే మెలకువొచ్చేసింది.

"భయపడాల్సిన చోట పనిలో పడ్డానే" అంది నెత్తి కొట్టుకుంటూ.

తర్వాతిసారి ఆ పొరపాటు చెయ్యలేదు. కల అని తెలియగానే సంతోషం పట్టలేక కేక వేసింది, ఆ కేకకి తనే లేచిపోయింది. ఆ తర్వాత కొన్నిసార్లు తెలిసింది, నిలబడదామనుకుంది, సర్ర్‌మనే ఆ చప్పుడు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు మాట వినలేదు. "కల అని తెలిసినా భయం భయమేనే. తెలిస్తే పోతుందని ఆ కాగితంలో ఊరికే రాశారు" అంది.

ఆపైన ఇంకో సంగతి జరిగింది. దాంతో నాకే గుండె జారిపోయింది. ఒక మధ్యాహ్నం లేచి నా మొహంలోకి చూసి, మాట్లాడకుండా, దిండు గలీబు ఊడదీసి కొసలు కలిపి చూసుకుంది. కలిశాయి. అయినా నమ్మలేదు. మళ్ళీ చూసింది. అప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇందాక కూడా లేచాను మరదలా. నువ్వు ఇలాగే కుర్చీలో ఉన్నావు. కల అయిపోయిందని నీకు చెప్పాను, నువ్వు నవ్వావు. చేతికి ఈ గలీబు తగిలితే ఊరికే మడిచి చూశాను. కలవలేదు. నువ్వు కూడా కలే." ఒళ్ళంతా చెమట. "ఇప్పుడు నిజమేనా? నువ్వు నువ్వేనా?"

"నేనే వదినా. ఇదిగో, గిల్లి చూడు."

"గిల్లితే ఏం తెలుస్తుందే, అందులోనూ గిల్లానుగా."

కింద సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది. నేనే అన్నాను, "వద్దు వదినా. ఇక ఆపేద్దాం. ఈ పరీక్షలు మనకి అచ్చిరావు. పని పోతే పోయింది, నేను తెచ్చేది ఇద్దరికీ సరిపోతుంది." వదిన లేచింది. రుమాలు తీసి అల్మారాలో పెట్టేసింది.

తను ఆపేసిన ఆ రోజుల్లోనే నాకు కల వచ్చింది. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని కొసల గురించి వినీ వినీ నా చేతులకీ అలవాటైందేమో. కలలో తువ్వాలు మడుస్తుంటే కొసలు కలవలేదు. ఇది కలే అనుకున్నాను. తల ఎత్తితే ఎదురుగా మా పాత గది. కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూర్చున్న మనిషి వీపు. ఆ చొక్కా కాలరు నేను తిప్పి కుట్టిందే. మా ఆయన. పిలిస్తే తిరిగి చూస్తాడు. గొంతు దాకా వచ్చింది పిలుపు. తిరిగితే ఎలా ఉంటాడో, ఏమంటాడో అని భయం వేసింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. లేచేసరికి మొహమంతా తడి.

వదినకి చెప్పాను. తను వింటూ వింటూ మధ్యలో ఆపింది. "పిలవలేదా?"

"భయమేసింది."

"వాడంటే భయమా? నా తమ్ముడంటే? బొద్దింకని చూస్తే మంచం ఎక్కేవాడే వాడు!"

"తెలుసు. అయినా భయమేసింది."

వదిన దగ్గరికి జరిగింది. నా తల తన భుజానికి ఆనించుకుని అలా ఉండిపోయింది. తర్వాత లేచి అల్మారా తెరిచి రుమాలు తీసుకుంది. "మనిద్దరిలో ఒకళ్ళమైనా చూసి రావాలి గదే" అంది.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కలలో ఏముందో తెలియక వెళ్ళడం ఒకటి. లేచాననుకున్నా ఇంకా లోపలే ఉండిపోవచ్చని తెలిసీ మళ్ళీ కళ్ళు మూసుకోవడం ఇంకొకటి. ఈ రెండోది చేయడానికి ఎంత గుండె కావాలో, కళ్ళు మూసుకుని పారిపోయిన నాకు బాగా తెలుసు.

సెలవు ముగియడానికి ముందు వారం. ఎండ కిటికీలోంచి మంచం కాలి దాకా పడుతోంది. వదిన పడుకుంది. నేను కుర్చీలో. కొంతసేపటికి రెప్పల కింద కళ్ళు కదలడం మొదలైంది. వేళ్ళు పక్కబట్టని వెతుక్కుని పట్టుకున్నాయి. కొస మీద కొస పెడుతున్నట్టు కదిలాయి. మొహం బిగుసుకుంది. ఊపిరి పెద్దదైంది. ఇక అరుస్తుంది, లేపేద్దామని నేను సగం లేచాను. లేపలేదు. తను ముందే చెప్పింది, అరిస్తే లేపు, అరవకపోతే లేపొద్దని.

అరవలేదు. కాళ్ళు కదిలాయి. కొంచెంగా, మడమలు పరుపుకి రాసుకుంటూ, ఒకటి తర్వాత ఒకటి. నడుస్తున్నట్టు. ఇదివరకు పరిగెత్తినప్పుడు మోకాళ్ళు ఎగిరిపడేవి. ఈసారి అలా లేదు. రెండు చేతులూ గాల్లోకి లేచాయి. ఎవరి చేతిలోంచో ఏదో అందుకున్నట్టు. అలాగే ఉండి, మెల్లగా గుండె మీదికి దిగాయి.

కళ్ళు తెరిచింది. దిండు గలీబు కొసలు కలిపి చూసుకుంది. ఆ తర్వాతే నా వంక తిరిగింది.

"నేనే నడిచానే" అంది.

తను చెప్పింది చెప్పినట్టు రాస్తాను. కొసలు కలవలేదు, కల అని తెలిసింది. భయం వేసింది, మామూలుగానే. పరిగెత్తబోయింది. కానీ ఈసారి ఆ సర్ర్‌మనే చప్పుడు విన్నది, సరిగ్గా విన్నది. దుప్పటి ఈడ్చుకుపోతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అలా ఎవరు నడుస్తారు? మీదపడటానికి వచ్చేవాళ్ళు అలా ఆగి ఆగి రారు. బరువు మోయలేనివాళ్ళు అలా వస్తారు. ఎవరో చేతులు ఎత్తలేకపోతున్నారు, అందుకే దుప్పటి నేలకి తగులుతోంది. ఇన్నాళ్ళూ తను నిలిచే మనిషిని గదా అని నిలబడింది, లేకపోతే పారిపోయింది. ఎదురు వెళ్ళాలని తట్టనే లేదు.

"ఒక్కో అడుగూ వేశాను. వేస్తూ ఏడుస్తున్నాను కూడా. దగ్గరికెళ్ళాక పై అంచున వేళ్ళు కనిపించాయి. బొటనవేలి మీద రోలరు వాత. ఆ వాత నాకు తెలీదా? చెయ్యి చాపి కొసలు తీసుకున్నాను. దుప్పటి దిగింది. అమ్మే. ఆయాసపడుతోంది. 'ఎంతసేపే నిలబెడతావు, చేతులు పడిపోతున్నాయి' అంది."

"తిట్టిందా?"

"తిట్టలేదు. నేనే చెప్పాను, అమ్మా, ఆరోజు విసుక్కున్నాను, నువ్వు పడిపోయావని తెలీలేదు అని. విందో లేదో. కొసల వంక చూసింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇక 'విప్పు' అంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. 'పోనీలే' అంది."

నేను కుర్చీలోంచి ముందుకి వంగాను. "అత్తయ్య పోనీలే అందా!"

"అందుకే గదా," వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, "అప్పటిదాకా కాస్త అనుమానం ఉంది. అది విన్నాక పక్కాగా కలే అని తేలిపోయింది."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. కింద టైర్ల షాపు వాళ్ళు సుత్తి ఆపి పైకి చూసేంతగా. ఆ నవ్వులోనే వదిన ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రం పంతులమ్మకి చెబితే, అది మీ వదినగారి మనసులో ఉన్న అమ్మేనండీ అంది. వదినకి ఆ మాట చేరవేశాను. "ఎక్కడున్న అమ్మ అయితేనేం, నడిచింది నేనేగా" అంది. నిజమే. అందులో ఎవరికీ వాటా లేదు.

ఆ రాత్రి వదిన పొద్దెక్కేదాకా నిద్రపోయింది. తర్వాత కూడా. ఆ కల మళ్ళీ రాలేదా అంటే, వచ్చింది, అప్పుడప్పుడూ. వస్తే ఎదురెళ్ళేది.

నెల తిరిగింది. లాండ్రీకి వెళ్ళాం. ఈలాయన ఈల ఆపేసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మిగతావాళ్ళు పని చేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నారు. రోలరులోంచి వేడి దుప్పటి వచ్చింది. చెరో రెండు కొసలూ పట్టుకున్నాం. లాగాం, విదిలించాం, సగానికి మడిచాం. నేను ఎదురు నడవబోయాను. నాకే భయంగా ఉంది, తను మళ్ళీ గోడ దాకా వెళ్ళిపోతుందేమోనని.

"నువ్వు ఆగు మరదలా," అంది వదిన. "నిలబడు. నేను నడుస్తాను."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నిలిచే మనిషి. చేతులు తలకన్నా పైకెత్తింది, దుప్పటి నేలకి తగలకుండా. మొహం కనబడలేదు. తెల్ల దుప్పటి ఒకటి నా వైపు నడిచి వచ్చింది. ఎవరు వస్తున్నారో తెలిసి కూడా నాకు ఒక అడుగు వెనక్కి వేయాలనిపించింది. అప్పుడు అర్థమైంది తను ఇన్నాళ్ళూ దేని ముందు నిలబడిందో. నేను కదల్లేదు. తను వచ్చి కొసలు నా చేతిలో పెట్టింది. చేతులు మారాయి గనక తడబడ్డాం, కానీ పెట్టింది.

వదిన వంగి కొసల వంక చూసింది. వెంట్రుకవాసి కూడా ఎడం లేదు.

"కలిశాయి," అంది ఈలాయనతో. "మెలకువే. తర్వాతది ఇవ్వు."

ఆయన ఈల మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆ లాండ్రీలో మడతలు కూడా మిషనే వేస్తోందట. మేమిద్దరం పని మానేసి చాలా కాలమైంది. ఇంట్లో దుప్పట్లు మాత్రం ఇద్దరమే మడుస్తాం, తనే నడుస్తుంది. కుర్చీలో ఆ వీపుని నేను తర్వాత కూడా చూశాను. ఇంకా పిలవలేదు. ఈమధ్య ఒకసారి కుర్చీ దాకా వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోయాను, అంతలో మెలకువ వచ్చేసింది. వదినకి చెబితే, "దగ్గరికి వెళ్ళావుగా, నీ మొగుడు ఎక్కడికీ పోడులే, మళ్ళీ వెళ్ళు" అంది.

వెళ్తాను.

మరదలమ్మ
వయసు అరవై రెండు
టైర్ల షాపు పైన గదిలో, వదినతో